ధ్యానం గురించి ఒక్కొక్క గురువు ఒక్కొక్క దారి చూపిస్తున్నారు: ఇంటి బాధ్యతలున్నవారు ఎవరిని అనుసరించాలి?

వంశధార_టీచరమ్మ

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఒక బడిలో పాఠాలు చెబుతాను. మంచం పట్టిన అత్తగారు, పదో తరగతి చదువుతున్న కొడుకు, ఇంటికి వచ్చినా వదలని బడి కాగితాల మధ్య మనసు నిలవడం లేదని ధ్యానం వైపు చూశాను. చూసిన తరువాత అయోమయం పెరిగింది తప్ప తగ్గలేదు. విపశ్యన అనే బౌద్ధ ధ్యానం నేర్పిన గోయెంకా గారి ప్రవచనాలు వింటే, ఒక పద్ధతి పట్టుకున్నవారు మరొకదాన్ని దానితో కలపకూడదని గట్టిగా చెబుతారు. మంత్రం, మాట, రూపం ఏదీ వద్దంటారు. బర్మా భిక్షువు మహాసీ సయాడో సంప్రదాయంవారు కడుపు పైకి లేవడాన్నీ కిందికి దిగడాన్నీ గమనిస్తూ, కలిగిన ప్రతి అనుభవానికీ మనసులో ఒక పేరు పెట్టమంటారు. వియత్నాం భిక్షువు తిచ్ నాట్ హాన్ గారు ఊపిరితో పాటు చిన్న వాక్యాలు అనుకొమ్మని, చిరునవ్వు నవ్వమని చెబుతారు. అమెరికాకు చెందిన జాన్ కబట్-జిన్ గారి బోధనలో మతం ప్రసక్తే ఉండదు.

మా ఊరికి ఎగువన చంద్రగిరి దగ్గర జిరంగ్‌లో టిబెటన్ల పెద్ద విహారం ఉన్నది. సెలవుల్లో పిల్లలతో వెళ్ళి చూసి వస్తాము కానీ, మాలాంటివారికి అక్కడ ఏమైనా నేర్పుతారా అని అడిగే చొరవ నాకు లేకపోయింది. పది రోజుల పాటు ఇల్లు విడిచి శిబిరానికి వెళ్ళడం నాకు కుదిరే పని కాదు. గురువు ఎదురుగా లేకుండా ఇంట్లోనే మొదలుపెట్టవచ్చునా? పెడితే పైవారిలో ఎవరి మాట పట్టుకోవాలి? రోజూ లలితా సహస్రనామం చదువుకునే అలవాటు నాకున్నది, దాన్ని మానుకోవాలా? తెలిసినవారు తమ అనుభవంతో చెప్పగలరు.

మహేంద్రగిరి_సాధకుడు

గోయెంకా గారి సంప్రదాయంలో శిబిరాలు చేసినవాడిని కాబట్టి ఆ వైపు నుంచి చెబుతాను. ఇది సన్యాసుల కోసం పుట్టిన పద్ధతి కాదు. బర్మాలో లేడీ సయాడో (1846–1923) గృహస్థులకు కూడా విపశ్యన నేర్పడం మొదలుపెట్టారు. ఆయన శిష్యుడు సయా తెట్‌జీ వ్యవసాయదారు. తెట్‌జీ శిష్యుడు ఊ బా ఖిన్ (1899–1971) స్వతంత్ర బర్మాకు అకౌంటెంట్ జనరల్‌గా పనిచేస్తూనే ధ్యానం నేర్పారు. గోయెంకా గారు 1924లో మాండలేలో వ్యాపార కుటుంబంలో పుట్టి, తీవ్రమైన పార్శ్వనొప్పికి మందులు వాడి విసిగి, 1955లో ఊ బా ఖిన్ దగ్గరకు వెళ్ళారు. 1969లో భారతదేశానికి వచ్చి శిబిరాలు మొదలుపెట్టారు. మహారాష్ట్రలోని ఇగత్‌పురిలో ధమ్మగిరి ధ్యాన కేంద్రం 1976లో ఏర్పడింది. పెళ్ళాం పిల్లలు, ఉద్యోగం, వ్యాపారం ఉన్నవారే ఈ పరంపరను మోసుకొచ్చారు కాబట్టి, ఇంటి బాధ్యతలున్నాయని మీరు వెనుకాడనక్కరలేదు.

కలపవద్దు అనడానికి కారణం ఉన్నది. మొదటి మూడు రోజులకు పైగా ఊపిరిని మాత్రమే గమనించి, తరువాత తల నుంచి పాదాల వరకు ఒంట్లో కలిగే స్పందనలను ఇష్టాయిష్టాలు లేకుండా చూడటం ఇందులోని పని. ఆ చూపు సూక్ష్మం కావడానికి సమయం పడుతుంది. నడుమ మంత్రమో రూపమో తెచ్చి పెడితే మనసు దాని మీదికి పోయి, ఒంట్లో నిజంగా జరుగుతున్నది మరుగున పడుతుంది. ఇద్దరు వైద్యుల మందులు ఒకేసారి మింగితే ఏది పనిచేసిందో ఏది వికటించిందో తెలియనట్టే ఇదీను. శిబిరం జరిగే రోజుల్లో పూజ, పారాయణ అన్నీ పక్కన పెట్టమంటారు. ఇంటికి వచ్చిన తరువాత సహస్రనామం చదువుకోవడం మీ ఇష్టం, కానీ ధ్యానానికి కూర్చున్న సమయంలోకి దాన్ని తేవద్దు. గురువు లేకుండా పుస్తకం చూసి మొదలుపెట్టడాన్ని మాత్రం నేను ఒప్పుకోను.

గుణుపురం_శ్రీను

సాధకుడు గారూ, శిబిరానికి రుసుము ఎంత ఉంటుంది? మన వైపు నుంచి వెళ్ళడానికి ఏది దగ్గర?

మహేంద్రగిరి_సాధకుడు

రుసుము లేదు. భోజనానికీ వసతికీ కూడా అడగరు. ఒక శిబిరం పూర్తిచేసినవారు తమకు తోచినంత ఇచ్చే విరాళాలతోనే తరువాతి శిబిరాలు నడుస్తాయి. పూర్తిచేయనివారి దగ్గర విరాళం తీసుకోరు. తెలుగులో సూచనలు కావాలంటే ఏలూరు దగ్గర విజయరాయిలో ధమ్మ విజయ, నాగార్జునసాగర్‌లో ధమ్మ నాగజ్జున, హైదరాబాదులో ధమ్మ ఖేత్త ఉన్నాయి. పలాసలో రైలెక్కి ఏలూరులో దిగితే మొదటిది మనకు సులువు. తెల్లవారుజామున నాలుగింటికి గంట కొడతారు, రాత్రి తొమ్మిదిన్నరకు దీపాలు ఆర్పుతారు, పదో రోజు ఉదయం దాకా మౌనం పాటించాలి. ఇవన్నీ తెలిసి వెళ్ళడం మంచిది.

బరంపురం_గ్రంథాలయం

సాధకుడు గారి శ్రద్ధను గౌరవిస్తూనే, రెండు చోట్ల విభేదిస్తున్నాను.

టీచరమ్మ గారు పేర్కొన్న వారిలో మొదటి ముగ్గురి బోధనకూ మూలం ఒకటే. అది పాళీ బౌద్ధ గ్రంథాలైన మజ్ఝిమ నికాయంలో పదో సుత్తంగా (బుద్ధుడి ప్రవచనంగా), దీఘ నికాయంలో మరింత విస్తారంగా ఉన్న సతిపట్ఠాన బోధ, అంటే ఎరుకను నిలపడం గురించిన బోధ. అందులో శరీరాన్ని, వేదనలను (అంటే సుఖదుఃఖాల అనుభూతులను), చిత్తాన్ని, ధర్మాలను (అంటే మనసుకు అనుభవమయ్యే విషయాలను) గమనించడమనే నాలుగు విభాగాలున్నాయి. ఊపిరి, నడక, కూర్చోవడం, తినడం, బట్ట కట్టుకోవడం, మలమూత్ర విసర్జన వరకు శరీర విభాగంలోనే చెప్పారు. గోయెంకా గారు వేదనల విభాగాన్ని గుమ్మంగా ఎంచుకున్నారు. మహాసీ సయాడో (1904–1982) శరీరంలోని కదలికతో మొదలుపెట్టి, మనసులో కలిగే ఆలోచన, కోపం, నిద్రమత్తు అన్నిటినీ గుర్తించమన్నారు. మనసులో పేరు పెట్టుకోవడం అక్కడ మంత్రజపం కాదు, జరుగుతున్నదాన్ని దాటిపోకుండా ఉండటానికి వేసుకునే చిన్న గుర్తు మాత్రమే, చూపు పదును తేరిన తరువాత ఆ గుర్తు రాలిపోతుందని ఆ సంప్రదాయం వారే చెబుతారు. తిచ్ నాట్ హాన్ (1926–2022) ఊపిరి మీదనూ, పాత్రలు కడగడం, నడవడం వంటి నిత్యకృత్యాల మీదనూ నిలిచారు. బర్మాలోనే పా-అవుక్ సయాడో ముందు ఊపిరితో గాఢమైన సమాధి సాధించాలని, ఆ తరువాతే విపశ్యన అని అంటారు. అందరూ ఆ నాలుగింటిలోనే ఎక్కడో ఒకచోట నిలబడి మాట్లాడుతున్నారు.

అందువల్ల "కలపవద్దు" అన్నది శిబిరంలో పాటించవలసిన క్రమశిక్షణగా నాకు సమ్మతమే. నేర్చుకునే దశలో దారి మార్చుకుంటూ పోతే ఎక్కడికీ చేరలేము. అయితే జీవితమంతటికీ దాన్నొక కట్టుబాటుగా చేసి, మిగిలిన గురువులను చదవడమే దోషమన్నట్టు మాట్లాడితే, ఆ నాలుగు విభాగాలనూ చెప్పిన మూలానికే దూరమవుతాము.

రెండోది పుస్తకాల సంగతి. శ్రీలంకలోని కాండీలో నివసించిన జర్మన్ భిక్షువు న్యానపొనిక (1901–1994) మహాసీ పద్ధతిని బయటి ప్రపంచానికి పరిచయం చేసినది పుస్తకంతోనే. భిక్షు అనాలయో 2003లో వెలువరించిన సతిపట్ఠాన గ్రంథం పేరాదెనియ విశ్వవిద్యాలయంలో చేసిన పరిశోధన నుంచి వచ్చింది. పాళీ మూలాన్ని ఒక్కొక్క మాటగా పట్టి చూపించే అలాంటి గ్రంథం చదివినవారు, శిబిరంలో ఏమి నేర్పుతున్నారో ఏమి వదిలేశారో తెలుసుకోగలరు. ఎదురుగా గురువు లేకుండా గాఢ సాధన చేయవద్దనడం వేరు, చదవవద్దనడం వేరు.

ఛత్రపురం_శ్వాస

ఇంత దూరం ఆలోచించడం ఎందుకని నాకు అనిపిస్తున్నది. మన తెలుగువారైన సుభాష్ పత్రీజీ ఆనాపానసతినే, అంటే ఊపిరి మీద ధ్యాసనే, ఊరూరా నేర్పారు. ఎన్నేళ్ళ వయసో అన్ని నిమిషాలు కళ్ళు మూసుకుని, సహజమైన శ్వాసతో ఉండమన్నారు. మా ఇంట్లో ముగ్గురం అలాగే చేస్తున్నాము. దీక్ష లేదు, రుసుము లేదు, దూరప్రయాణమూ లేదు.

బరంపురం_గ్రంథాలయం

శ్వాస గారూ, పత్రీజీ (1947–2022) వల్ల వేలాది తెలుగు ఇళ్ళలో కళ్ళు మూసుకుని కూర్చునే అలవాటు వచ్చింది, దాన్ని నేను తక్కువ చేయను. అయితే పిరమిడ్ శక్తి, మూడో కన్ను, సూక్ష్మశరీర యానం వంటి అంశాలు ఆ ఉద్యమం సొంత విశ్వాసాలు. బౌద్ధంలో ఆనాపానసతి సుత్తం చెప్పే పదహారు అంచెలు దీర్ఘ శ్వాసను దీర్ఘమని తెలుసుకోవడంతో మొదలై, అనిత్యాన్ని చూడటం, విడిచిపెట్టడం వరకు సాగుతాయి. మీ సాధన మీకు మేలు చేస్తున్నప్పుడు ఆపమని నేను అనను. టీచరమ్మ గారు అడిగినది బౌద్ధ గురువుల గురించి కాబట్టి రెండూ ఒకటే అనుకోకుండా ఉంటే చాలు.

జయపురం_సిస్టర్

సాధకుడు గారి మందుల పోలిక నన్ను ఈ చర్చలోకి లాగింది. మందు అన్న తరువాత అది ఎవరికి ఇవ్వాలి, ఎంత ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు అన్న ప్రశ్నలు కూడా వస్తాయి. ఆసుపత్రిలో పనిచేసేదాన్ని కాబట్టి ఆ వైపు చూస్తాను.

కబట్-జిన్ గారు 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో ఈ శిక్షణ మొదలుపెట్టినది, మందులు ఇక పెద్దగా చేయగలిగింది లేదని తేలిన దీర్ఘకాలిక నొప్పుల రోగుల వంటివారి కోసం. ఆయన స్వయంగా బౌద్ధ గురువుల దగ్గర నేర్చుకున్నవారే. ఏ మతం రోగి అయినా కాదనకుండా కూర్చోవాలని మతపరమైన భాషను పక్కన పెట్టారు. ఎనిమిది వారాల పాటు వారానికొక తరగతి, ఇంటి దగ్గర రోజూ సాధన, పడుకుని ఒళ్ళంతా అంచెలంచెలుగా గమనించడం, తేలికపాటి యోగాసనాలు అందులో ఉంటాయి. దాని నుంచే సీగల్, విలియమ్స్, టీస్‌డేల్ అనే ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు కుంగుబాటు తిరగబెట్టకుండా ఉండే చికిత్సను తయారుచేశారు. మూడుసార్లు లేదా అంతకు మించి కుంగుబాటుకు లోనైనవారికి అది ఉపయోగపడుతుందని తేలడంతో, 2004లో బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య మార్గదర్శకాలలో చేర్చారు. 2015లో 424 మందితో జరిగిన పరిశీలనలో అది మాత్రలను మించిందని తేలలేదు, దాదాపు వాటికి సమానంగా నిలిచింది. 47 పరీక్షలను కలిపి చూసిన 2014 నాటి అమెరికా సమీక్షలో ఆందోళన, కుంగుబాటు, నొప్పి మీద కొద్దిపాటి నుంచి మధ్యస్థం వరకు మేలు కనిపించింది.

ఈ లెక్కలు చెప్పడానికి కారణం ఒకటే. ధ్యానం వల్ల మేలు ఉన్నది, అది అద్భుతం కాదు. మాత్రలు వేసుకుంటున్నవారు ఎవరి ప్రవచనమో విని వాటిని ఆపివేస్తే మా వార్డుకు వస్తారు. ఆ పని ఎవరూ చేయవద్దని చేతులెత్తి అడుగుతున్నాను.

రాయగడ_రమణ

సిస్టర్ గారి మాటకు నా అనుభవం జోడిస్తాను. ఏ సంస్థ అని అడగవద్దు, పేరు చెప్పడం నా ఉద్దేశం కాదు. ఒక శిబిరంలో సగం రోజులు గడిచిన తరువాత నాకు రాత్రిళ్ళు నిద్ర పూర్తిగా పోయింది. గుండె దడ, నా ఒళ్ళు నాది కాదన్న భావన, కారణం లేని భయం మొదలయ్యాయి. ఆచార్యుడికి చెప్పుకుంటే, అది లోపలి మలినం పైకి రావడమే కాబట్టి సమభావంతో చూస్తూ ఉండమన్నారు. చూసే శక్తే నాలో లేదని అర్థమయ్యేలా చెప్పలేకపోయాను. ఇంటికి వచ్చిన తరువాత కూడా చాలాకాలం ఆ భయం వదలలేదు. మానసిక వైద్యుడి దగ్గరకు వెళ్ళిన తరువాతే కుదుటపడ్డాను. ధ్యానం చెడ్డదని నేను అనడం లేదు. ఇలాంటిది జరుగుతుందని ముందుగా ఎవరో ఒకరు నాకు చెప్పి ఉండవలసింది.

జయపురం_సిస్టర్

రమణ గారూ, ఇది చెప్పినందుకు మీకు కృతజ్ఞతలు. అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయంలో విల్లోబీ బ్రిటన్, జారెడ్ లిండాల్ చాలాకాలంగా సరిగ్గా ఇదే విషయాన్ని పరిశోధిస్తున్నారు. 2017లో వారు ప్రచురించిన అధ్యయనంలో సాధకులనూ ఆచార్యులనూ కూర్చోబెట్టి అడిగితే, భయం, నిద్రలేమి, శరీరం పట్ల పరాయితనం, భావాలు మొద్దుబారడం వంటి అనుభవాలు వివరంగా బయటికి వచ్చాయి. మీరు రాసినవి అందులో ఉన్నాయి. మీ బలహీనత వల్ల జరిగినదని దయచేసి అనుకోవద్దు.

మహేంద్రగిరి_సాధకుడు

రమణ గారి బాధ విని కలత చెందాను. శిబిరం దరఖాస్తులో మానసిక అనారోగ్యం గురించి, వాడే మందుల గురించి అడుగుతారు. తీవ్రమైన మానసిక వ్యాధులున్నవారిని రావద్దని ముందే చెబుతారు. దరఖాస్తును దాచకుండా నింపాలని ప్రతివారికీ చెబుతాను. అయితే వెనుక ఏ జబ్బూ లేనివారికి లోపల ఇబ్బంది మొదలైతే, పద్ధతిని సడలించి నడిపించడానికి అనుభవమున్న మనిషి పక్కన ఉండాలన్న మాటను నేను కాదనలేను. ఊపిరి దగ్గరకు తిరిగి రమ్మనడం, కళ్ళు తెరిచి నడవమనడం, అవసరమైతే శిబిరం మాన్పించి ఇంటికి పంపడం కూడా గురువు పనే.

చంద్రపూర్_తెలుగిల్లు

మాది చంద్రపూర్. నాలుగు తరాల కిందట బొగ్గు గనుల పనికి వచ్చిన తెలుగు కుటుంబం. ఇక్కడ బౌద్ధం పుస్తకాల్లోది కాదు, వీధిలోది. బాబాసాహెబ్ అంబేడ్కర్ 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో, ఆ వెంటనే 16న మా చంద్రపూర్‌లో దీక్ష ఇచ్చారు. ఆ నేల మీద నిలబడి మీ చర్చ చదివితే నాకు ఒక లోటు కనిపిస్తున్నది. మీరు రాసిన గురువులందరూ దుఃఖాన్ని మనిషి ఒంట్లో, ఊపిరిలో, మనసులో వెతకమంటున్నారు. ఊరి బావి దగ్గర నీళ్ళు తోడుకోనివ్వని దుఃఖం ఒంట్లోని స్పందన కాదు. దాన్ని ఇష్టాయిష్టాలు లేకుండా చూస్తూ కూర్చోమంటే ఎవరికి మేలు? బాబాసాహెబ్ రాసిన బుద్ధుడు సమాజాన్ని మార్చమన్నవాడు. కళ్ళు మూసుకుని కూర్చోవడమే బౌద్ధమని చదువుకున్నవారు అనుకోవడం మా పెద్దలకు బాధ కలిగిస్తుంది.

బరంపురం_గ్రంథాలయం

తెలుగిల్లు గారి ప్రశ్న ఈ చర్చలో ఇంతవరకు వచ్చిన వాటిలో చాలా బరువైనది. దీనికి రెండు మాటలలో జవాబు చెప్పి తప్పుకోవడం నాకు ఇష్టం లేదు.

అంబేడ్కర్ బుద్ధుడి అష్టాంగ మార్గాన్ని వదిలిపెట్టలేదు. అందులో ఒకటైన సమ్యక్ స్మృతిని (సరైన ఎరుకను) మనసు నిరంతరం మేలుకొని, చెడు వాంఛల మీద కాపలా కాయడంగా ఆయన వివరించారు. అంటే ఎరుక ఆయనకు అక్కరలేనిది కాదు, శీలం నుంచీ సాటిమనిషి నుంచీ విడదీసిన ఎరుకే అక్కరలేదు. ఇక తిచ్ నాట్ హాన్ విషయానికి వస్తే, ఇప్పుడు ఉద్యోగుల అలసట తీర్చే పుస్తకంగా అమ్ముడుపోతున్న ఆయన ప్రసిద్ధ రచన "ది మిరకిల్ ఆఫ్ మైండ్‌ఫుల్‌నెస్" మొదట ఒక ఉత్తరం. వియత్నాం యుద్ధకాలంలో బాంబులు పడిన ఊళ్ళలో పనిచేసే యువ సేవకుల కోసం ఆయన స్థాపించిన బడిలోని ఒక సహచరుడికి, చావు పక్కనే తిరుగుతున్నవారు ద్వేషంలో పడిపోకుండా ఎలా పనిచేయాలో చెబుతూ రాసినది. యుద్ధాన్ని ఆపమన్నందుకు ఆయన 1966 తరువాత దశాబ్దాల పాటు స్వదేశంలో అడుగుపెట్టలేకపోయారు. 1967 నోబెల్ శాంతి బహుమతికి ఆయన పేరును ప్రతిపాదించినవారు మార్టిన్ లూథర్ కింగ్. పాళీ గ్రంథాలను ఇంగ్లీషులోకి తెచ్చిన భిక్షు బోధి 2008లో ఆకలి తీర్చడానికి ఒక సహాయ సంస్థనే నెలకొల్పారు. వీరిని కళ్ళు మూసుకున్నవారు అనలేము.

మన గంజాం జిల్లాలో రుషికుల్య ఒడ్డున జౌగడ బండ మీద అశోకుడు చెక్కించిన ప్రత్యేక కళింగ శాసనం కూడా ఇదే దారిలో ఉన్నది. మనుషులందరూ నా బిడ్డలే అన్న తరువాత, అధికారులు న్యాయం తప్పడానికి కారణాలుగా ఈర్ష్య, కోపం, క్రూరత్వం, తొందరపాటు, సోమరితనం, అలసట వంటివాటిని పేర్కొని, ఇవి మీలో లేకుండా చూసుకోండి అంటాడు. మనసులో పుట్టే దోషం ఊరి మీద అన్యాయంగా ఎలా పడుతుందో తెలిసిన పాలకుడి మాట అది. లోపలి చూపు, బయటి న్యాయం అని రెండు పక్షాలు చేసుకోవలసిన పని లేదని నేను నమ్ముతాను.

చంద్రపూర్_తెలుగిల్లు

జౌగడ సంగతి బాగున్నది, చూడాలని ఉన్నది. తిచ్ నాట్ హాన్ గారి గురించి కూడా ఒప్పుకుంటాను. అయినా శిబిరాల్లో, కంపెనీల తరగతుల్లో నేర్పుతున్నప్పుడు ఆ ఉత్తరం ఎవరికి రాసినదో ఎంతమంది చెబుతున్నారు? అది చెప్పనంతకాలం నా అభ్యంతరం అలాగే ఉంటుంది.

చంద్రగిరి_లోయ

టీచరమ్మ గారు జిరంగ్ విహారం గురించి అడిగారు, దాని గురించి ఎవరూ చెప్పలేదు. 1959 తరువాత శరణార్థులుగా వచ్చిన టిబెటన్లకు 1963లో చంద్రగిరి ప్రాంతంలో భూములిచ్చి స్థిరపరిచారు. మొక్కజొన్న పండించుకుంటూ బతికిన ఆ కుటుంబాల నడుమ లేచిన పద్మసంభవ మహావిహారాన్ని 2010 జనవరిలో దలైలామా ప్రారంభించారు. ఆ ఊళ్ళతో నాకు వ్యాపార పరిచయం ఉన్నది. అది ప్రధానంగా భిక్షువులు చదువుకునే చోటు. పూజలు, పఠనం, తర్క శిక్షణ అక్కడి నిత్యకృత్యాలు. మీరు అనుకుంటున్న పద్ధతిలో మనలాంటివారికి ఊపిరి ధ్యానం నేర్పే చోటుగా దాన్ని భావించి వెళ్ళవద్దు. మర్యాదగా వెళ్ళి, పెద్ద భిక్షువు ఖాళీగా ఉన్నప్పుడు ప్రశ్న అడిగితే మాత్రం ఓపికగా సమాధానం చెబుతారు. హిందీ వస్తే చాలు.

టిబెటన్ సంప్రదాయంలో గురువుకు ఇచ్చే స్థానం చాలా పెద్దది, అందుకే గురువును ముందుగా బాగా పరీక్షించమని వారి గ్రంథాలే హెచ్చరిస్తాయి. తన పుస్తకంతో ప్రపంచమంతా పేరు మోసిన టిబెటన్ గురువు సోగ్యాల్ రింపోచే మీద 2017లో ఆయన పాత శిష్యులే ఎనిమిది మంది కలిసి కొట్టడం, లైంగికంగా వాడుకోవడం వంటి ఆరోపణలతో ఉత్తరం రాశారు. ఆయన పదవి వదులుకున్నారు. మరుసటి సంవత్సరం వచ్చిన స్వతంత్ర విచారణ నివేదిక ఆ ఆరోపణలలో అనేకం నిజమేనని తేల్చింది. పుస్తకం ఎంత గొప్పగా ఉన్నా, డబ్బు విషయంలో, స్త్రీల విషయంలో, తనను ప్రశ్నించినవారి విషయంలో గురువు ఎలా నడుచుకుంటున్నాడో చూడకుండా తల వంచవద్దు. సిస్టర్ గారు ఆరోగ్యానికి చెప్పిన జాగ్రత్త ఎంత ముఖ్యమో ఇదీ అంతే ముఖ్యం.

వంశధార_టీచరమ్మ

ఇంతమంది ఇంత శ్రద్ధగా రాస్తారని అనుకోలేదు. రమణ గారి మాట, తెలుగిల్లు గారి మాట రెండూ నన్ను ఆపి ఆలోచింపజేశాయి. ఒక చిన్న అనుబంధ ప్రశ్న. మా బడిలో పిల్లలకు రోజూ కొంతసేపు ధ్యానం పెట్టించమని పైనుంచి సలహా వచ్చింది. పరీక్షల భయం తగ్గుతుందంటున్నారు. ఇది మంచిదేనా?

జయపురం_సిస్టర్

బ్రిటన్‌లో ఎనభైకి పైగా పాఠశాలల్లో 11 నుంచి 13 ఏళ్ళ పిల్లలతో చేసిన పెద్ద పరిశీలన ఫలితాలు 2022లో వచ్చాయి. తరగతిలో మామూలుగా నేర్పే భావోద్వేగ పాఠాల కంటే ఎరుక శిక్షణ వల్ల అదనపు మేలు కనిపించలేదు. చాలామంది పిల్లలు ఇంట్లో సాధన చేయనేలేదు. బలవంతంగా కళ్ళు మూయించడం వల్ల ఒరిగేది తక్కువని నాకు అనిపిస్తున్నది. మీరు ముందుగా నేర్చుకుని ప్రశాంతంగా తరగతిలోకి వెళ్ళడం పిల్లలకు ఎక్కువ మేలు చేస్తుంది. పరీక్షల భయంతో నిద్ర పోని పిల్లవాడు కనిపిస్తే ధ్యానం చేయించడానికి ముందు తల్లిదండ్రులతో మాట్లాడండి.

గుణుపురం_శ్రీను

పిల్లల్ని కూర్చోబెట్టే ముందు మాలాంటి పెద్దలను కూర్చోబెట్టాలి. మా నాన్నగారు ఫోను పక్కన పెట్టి భోజనం చేస్తే అదే మా ఇంట్లో పెద్ద ధ్యానం.

కాశీనగర్_అక్కయ్య

టీచరమ్మా, నీ మొదటి ప్రశ్నకు నా వంతు జవాబు చెబుతాను. గురువుల పేర్లు ఇన్ని వచ్చాయి కానీ, నీలాంటి మనిషి పేరు ఎవరూ చెప్పలేదు. దీపా మా అనే ఆమె 1911లో చిట్టగాంగ్ వైపు పుట్టింది. ఇద్దరు పిల్లలు పోయి, భర్తా పోయి, గుండె జబ్బుతో మెట్లు కూడా ఎక్కలేని స్థితిలో బర్మాలో మహాసీ పద్ధతి నేర్చుకుంది. తరువాత కలకత్తాలో చిన్న ఇంట్లో ఉంటూ 1989లో పోయేవరకు ఇరుగుపొరుగు ఇల్లాళ్ళకు ధ్యానం నేర్పింది. అమెరికాలో 1970లలో ధ్యాన కేంద్రం స్థాపించిన జోసెఫ్ గోల్డ్‌స్టీన్, షారన్ సాల్జ్‌బర్గ్ వంటివారు ఆమె దగ్గర నేర్చుకున్నవారే. వంట చేయడం, బిడ్డకు పాలివ్వడం, బట్టలు ఉతకడం అన్నిటినీ ఆమె సాధనగానే చూపించేది. సమయం లేదన్న ఇల్లాలిని ఆమె వెనక్కి పంపలేదు.

మా ఆయన పక్షవాతంతో పడుకున్న రోజుల్లో నేను పట్టుకున్నది ఆ దారినే. ఒళ్ళు తుడిచేటప్పుడు గుడ్డ తడి, చేతి కదలిక, లోపల వచ్చే విసుగు, ఆ విసుగు మీద వచ్చే బాధ, ఇవన్నీ వచ్చినవి వచ్చినట్టు తెలుసుకుంటూ చేసేదాన్ని. విసుగు వచ్చినప్పుడు "విసుగు" అని లోపల అనుకుంటే చేయి మొరటుగా కదలడం ఆగేది. నాకు తెలిసిన లాభం అది. మీ అత్తగారి పక్కన నువ్వు చేసే పనిలో ఇది చేసి చూడు. సహస్రనామం మానుకోవద్దు. చదివేటప్పుడు చదువు, గమనించేటప్పుడు గమనించు, రెండూ వేరు వేరు వేళల్లో పెట్టుకో.

మహేంద్రగిరి_సాధకుడు

అక్కయ్య గారి మాట నాకు నచ్చింది. గురువు లేకుండా గాఢంగా కూర్చోవడమే నా అభ్యంతరం. ఇంటి పనిలో ఎరుకతో ఉండటానికి, రోజూ కొద్దిసేపు సహజమైన ఊపిరిని గమనించడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. గోయెంకా గారి కేంద్రాలు కూడా ఊపిరిని గమనించే ఆనాపానను శిబిరానికి ముందే, పిల్లలకైనా పెద్దలకైనా చిన్న తరగతులుగా నేర్పుతున్నాయి. అత్తగారి బాధ్యత ఇంకెవరైనా పంచుకోగలిగిన రోజున శిబిరానికి వెళ్ళండి.

రాయగడ_రమణ

కూర్చున్నప్పుడు దడ, భయం మొదలైతే పట్టుదలకు పోకుండా కళ్ళు తెరిచి లేచి నడవండి. ఇది మాత్రం మరచిపోవద్దు.

వంశధార_టీచరమ్మ

నేను ఈ విధంగా నిర్ణయించుకున్నాను. ఉదయం సహస్రనామం యథాప్రకారం చదువుకుంటాను. రాత్రి అత్తగారు నిద్రపోయిన తరువాత కొద్దిసేపు ఊపిరిని మాత్రమే గమనిస్తాను, పగటి పనుల్లో అక్కయ్య చెప్పినది పాటిస్తాను. వేసవి సెలవుల్లో మా ఆడపడుచు వచ్చి ఉంటానంటున్నది కాబట్టి విజయరాయి శిబిరానికి దరఖాస్తు పెడతాను, నాకు ఇదివరకు వచ్చిన నిద్రలేమి గురించి దాచకుండా రాస్తాను. తిచ్ నాట్ హాన్ గారి ఉత్తరాన్ని యుద్ధం మధ్య రాసినదిగా మరొకసారి చదువుతాను. గ్రంథాలయం గారూ, అనాలయో గ్రంథం బరంపురంలో దొరుకుతుందా?

బరంపురం_గ్రంథాలయం

అమ్మా, నా దగ్గర ఒక ప్రతి ఉన్నది. ఇంగ్లీషు కొంచెం బరువుగా ఉంటుంది, పాళీ మాటలు ఎక్కువ. వేదనల అధ్యాయం ముందు చదవండి, శిబిరానికి వెళ్ళేముందు అదే ఎక్కువ అక్కరకు వస్తుంది. పర్లాకిమిడికి వచ్చే మా బంధువుల చేతికి ఇచ్చి పంపుతాను, చదివిన తరువాత గుణుపురం శ్రీను గారికి ఇవ్వండి.

గుణుపురం_శ్రీను

నేను వేచి ఉంటాను. శిబిరం దరఖాస్తు నేనూ పెడుతున్నాను, పలాస నుంచి వెళ్ళేవారు ఇంకెవరైనా ఉంటే ఇక్కడే చెప్పండి.